రైతు తిరుగుబాటు నీడలో పుట్టిన రాజ్యాంగం

అమెరికా రాజ్యాంగం ఎలా పుట్టిందని అడిగితే పాఠ్యపుస్తకాలు మనల్ని 1787 వేసవిలో ఫిలడెల్ఫియా నగరానికి తీసుకెళ్తాయి. మూసిన కిటికీల వెనుక కూర్చున్న 55 మంది ప్రతినిధులు, వారి విజ్ఞత, వారి రాజీలు, చివరకు సెప్టెంబరు 17న సంతకాలు. ఈ కథలో అబద్ధం లేదు. అయితే అది మొదలు పెట్టవలసిన చోట మొదలు కాదు. దానికి ఏడాది ముందు, 1786 ఆగస్టు 29న, మాసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్తాంప్టన్ పట్టణంలో సుమారు 1,500 మంది మనుషులు కోర్టు ముందు గుమిగూడి న్యాయమూర్తులను విధులు నిర్వహించనివ్వలేదు. వారిలో అత్యధికులు రైతులు. చాలామంది బ్రిటిష్ సైన్యంపై పోరాడి వచ్చిన మాజీ సైనికులు. వారు ఆ రోజు ఎవరినీ చంపలేదు, దేనినీ దోచుకోలేదు. అప్పుల కేసుల విచారణ సాగకూడదన్నదే వారి పట్టుదల.

కోర్టు వాయిదా పడింది. ఆ వాయిదా ప్రకంపనలు ఫిలడెల్ఫియా దాకా పాకాయి. తొలినాటి అమెరికా ప్రభుత్వ స్వరూపాన్ని తీర్చిదిద్దిన వారిలో రాజనీతిజ్ఞులతో పాటు, వారిని భయపెట్టిన రైతులు కూడా ఉన్నారని అంగీకరిస్తే తప్ప ఆ రాజ్యాంగంలోని అనేక అధికరణల అర్థం మనకు బోధపడదు. వాటిలో ఒకదాని నీడ మన రాజ్యాంగం మీద కూడా పడింది. ఆ సంగతి చివరలో చూద్దాం.

స్వాతంత్ర్యానికి ముందే మొదలైన తగవు

తీరప్రాంతపు సంపన్నులకు, లోతట్టు ప్రాంతపు సాగుదారులకు మధ్య తగవు అమెరికా స్వాతంత్ర్యం కంటే పాతది. 1676లో వర్జీనియాలో నథానియెల్ బేకన్ నాయకత్వాన సరిహద్దు రైతులు, కూలి ఒప్పందాలతో వచ్చిన శ్వేతజాతి పనివారు, కొందరు నల్లజాతి బానిసలు కలిసి గవర్నర్ బర్క్‌లీపై తిరగబడి రాజధాని జేమ్స్‌టౌన్‌ను తగులబెట్టారు. ఆ ఏడాది అక్టోబరులో బేకన్ జబ్బుతో మరణించగానే తిరుగుబాటు కూలిపోయింది. నల్లవారు, తెల్లవారు ఒకే పక్షాన ఆయుధం పట్టిన దృశ్యం తోటల యజమానులను కలవరపరచిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తరువాతి దశాబ్దాలలో వర్జీనియా ఒప్పంద కూలీల నుంచి ఆఫ్రికన్ బానిసల వైపు మళ్లింది. 1705 నాటి బానిస చట్టాలు జాతి గోడను శాసనంగా మార్చాయి.

మరో తొంభై ఏళ్లకు నార్త్ కెరొలైనాలో అదే తగవు వేరే రూపంలో వచ్చింది. షెరీఫులు వసూలు చేసిన పన్నులో కొంత ఖజానాకు చేరేది కాదు. చిన్న కాగితానికి కూడా కోర్టు గుమాస్తాలు, న్యాయవాదులు ఇష్టం వచ్చినంత రుసుము గుంజేవారు. చాలదన్నట్టు గవర్నర్ విలియం ట్రయాన్ తన భవంతి నిర్మాణానికి పన్ను వేశాడు. లోతట్టు రైతులు తమను తాము ‘రెగ్యులేటర్లు’, అంటే పాలనను క్రమబద్ధం చేసేవారు అని పిలుచుకున్నారు. మొదట అర్జీలు పెట్టారు. వారి వాదనను కరపత్రాలుగా అచ్చు వేసిన హెర్మన్ హస్బండ్ అనే రైతును శాసనసభకు ఎన్నుకున్నారు. సభ ఆయనను బహిష్కరించింది, ప్రభుత్వం జైలులో పెట్టింది. 1771 మే 16న అలమాన్స్ వద్ద ట్రయాన్ సేన రెగ్యులేటర్లను ఓడించింది. జూన్‌లో ఆరుగురిని ఉరితీశారు. శాంతివాది అయిన హస్బండ్ కాల్పులకు ముందే అక్కడి నుంచి తప్పుకొని, తలపై బహుమానం ప్రకటించగా పెన్సిల్వేనియా కొండలలో తలదాచుకున్నాడు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి.

గెలిచిన సైనికుడు, ఓడిన రైతు

1783లో స్వాతంత్ర్య యుద్ధం ముగిసింది. యుద్ధం మిగిల్చిన అప్పు ముగియలేదు. సైనికులకు జీతం బదులు ప్రభుత్వం ఋణపత్రాలు ఇచ్చింది. ఇంటికి చేరిన సైనికుడికి విత్తనం కావాలి, ఉప్పు కావాలి, పాత బాకీ తీరాలి. ఆ పత్రం ఎప్పుడు చెల్లుతుందో తెలియదు. అందుకని దాని ముఖవిలువలో స్వల్పభాగానికే అమ్ముకున్నాడు. కొన్నవారు నగరాల వర్తకులు, సట్టా వ్యాపారులు. ఆ తరువాత మాసాచుసెట్స్ శాసనసభ ఆ అప్పును వేగంగా తీర్చడానికి భారీ పన్నులు విధించింది. వాటిని వెండి బంగారు నాణేలలో చెల్లించాలన్నది. పల్లెలలో నాణెం కంటికి కనిపించని కాలమది. రైతు తన ఋణపత్రాన్ని చౌకగా అమ్ముకున్నాడు. అదే పత్రాన్ని కొన్నవాడికి పూర్తి విలువ, వడ్డీ చెల్లించడానికి అదే రైతు పన్ను కట్టాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

బ్రిటిష్ సరఫరాదారులు బోస్టన్ వర్తకులను నాణేలు అడిగారు. వర్తకులు పల్లె దుకాణదారులను, దుకాణదారులు రైతులను అడిగారు. గొలుసు చివర ఉన్నవాడి పొలమే జప్తుకు వచ్చింది, పశువులే వేలానికి వెళ్లాయి. అప్పు తీర్చలేనివారిని చెరసాలలో వేయడం ఆనాటి చట్టం. పశ్చిమ జిల్లాల కోర్టులలో అప్పుల దావాలు వేల సంఖ్యలో దాఖలయ్యాయి.

ఆ రైతులు నేరుగా తుపాకులు అందుకోలేదన్నది తరచుగా మరుగునపడే విషయం. ఊరూరా సభలు పెట్టుకొని అర్జీలు రాశారు. 1786 ఆగస్టులో హాంప్‌షైర్ జిల్లాలోని 50 ఊళ్ల ప్రతినిధులు హాట్‌ఫీల్డ్‌లో సమావేశమై ఫిర్యాదుల పట్టిక తయారుచేశారు. కాగితపు ద్రవ్యం విడుదల చేయాలి, కోర్టు రుసుములు తగ్గించాలి, ఆస్తిపరుల కోటగా మారిన సెనేట్‌ను రద్దు చేయాలి, శాసనసభను బోస్టన్ నుంచి తరలించాలి అన్నవి అందులో కొన్ని. హింసకు దూరంగా ఉండాలని కూడా ఆ సభ కోరింది. అప్పటికే బోస్టన్ సభ అర్జీలను పట్టించుకోకుండా వాయిదా పడింది. అర్జీలకు జవాబు రాని ఆ ఆగస్టు చివరలోనే నార్తాంప్టన్ కోర్టు మూతపడింది.

స్ప్రింగ్‌ఫీల్డ్ మంచులో

ఉద్యమానికి తన పేరు అంటుకున్న డేనియల్ షేస్ నిజానికి దాని నాయకులలో ఒకడు మాత్రమే. బంకర్ హిల్‌లో, సరటోగాలో పోరాడి కెప్టెన్ హోదా పొందినవాడు. ఫ్రెంచి సేనాని లఫాయెట్ బహూకరించిన కత్తిని డబ్బు అవసరానికి అమ్ముకున్నవాడు. అతని అనుచరులు టోపీలలో పచ్చని కొమ్మను గుచ్చుకున్నారు. తమను పాత పేరుతోనే, రెగ్యులేటర్లని, పిలుచుకున్నారు. వారి శ్రేణులలో కెప్టెన్‌గా అభియోగం ఎదుర్కొన్న మోజెస్ సాష్ నల్లజాతికి చెందిన మాజీ సైనికుడు. మరోవైపు బోస్టన్‌లో నల్లజాతి నాయకుడు ప్రిన్స్ హాల్ తిరుగుబాటును అణచడానికి తమ వారిని పంపుతామని గవర్నర్‌కు రాశాడు. గవర్నర్ ఆ సహాయాన్ని స్వీకరించలేదు. చరిత్రలో పక్షాలు మనం గీసే గీతలంత నిటారుగా ఉండవు.

గవర్నర్ జేమ్స్ బౌడిన్ స్వయంగా వర్తకుడు. శాసనసభ అల్లర్ల నిరోధక చట్టం చేసింది, హెబియస్ కార్పస్‌ను నిలిపివేసింది. ఒకప్పుడు బ్రిటిష్ పన్నులపై జనాన్ని రెచ్చగొట్టిన శామ్యూల్ ఆడమ్స్ ఇప్పుడు కఠిన శిక్షల పక్షాన నిలిచాడు. రాజుపై తిరగబడడం వేరు, ప్రజలు ఎన్నుకున్న గణతంత్రంపై తిరగబడడం వేరని ఆయన వాదన. ఆ వాదనను తేలికగా కొట్టివేయలేము. అయితే గణతంత్రం అర్జీలను చదవకపోతే ప్రజలు ఏం చేయాలన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

కేంద్రంగా చెప్పుకునే కాంగ్రెస్‌కు అప్పట్లో పన్ను వేసే అధికారం లేదు, సైన్యానికి డబ్బు లేదు. ఇండియన్ తెగల ముప్పు పేరు చెప్పి 1,340 మంది సైనికులను సమకూర్చాలని తీర్మానించింది కానీ రాష్ట్రాలు దాదాపుగా నిధులివ్వలేదు. చివరకు బోస్టన్ ధనికుల చందాలతో జనరల్ బెంజమిన్ లింకన్ సేనను నడిపించాడు. అప్పులిచ్చినవారు సొంత డబ్బుతో సేనను పోషించి అప్పు తీసుకున్నవారి మీదికి పంపిన సందర్భమిది.

1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారాన్ని చేజిక్కించుకోవడానికి షేస్ మనుషులు మంచులో కదిలారు. మరో దళం ఒకరోజు ఆగమని రాసిన ఉత్తరం దారిలోనే ప్రభుత్వ పక్షానికి చిక్కింది. జనరల్ విలియం షెపర్డ్ ఫిరంగులు పేల్చాడు. నలుగురు చనిపోయారు. సాటి సైనికులు తమపై కాల్చరని నమ్మిన రైతులు చెల్లాచెదరయ్యారు. ఫిబ్రవరి 4 తెల్లవారుజామున, రాత్రంతా మంచు తుపానులో నడిచిన లింకన్ సేన పీటర్షామ్‌లో వారిని ముట్టడించింది. తిరుగుబాటు అక్కడితో చెదిరిపోయింది.

శిక్షలు ప్రకటించారు కానీ మరణశిక్షలలో అత్యధికం అమలు కాలేదు. 1787 డిసెంబరులో ఇద్దరిని ఉరితీశారు. సాధారణ తిరుగుబాటుదారులను క్షమిస్తూనే మూడేళ్లపాటు ఓటు వేయకుండా, పదవి చేపట్టకుండా నిషేధించారు. బడిపంతులుగా కూడా ఉండరాదన్నారు. ఇంత చేసినా ఆ వసంతకాలపు ఎన్నికలలో బౌడిన్ ఘోరంగా ఓడిపోయాడు. జాన్ హాన్‌కాక్ గవర్నర్ అయ్యాడు. కొత్త శాసనసభ ఆ నిషేధాలను సడలించి, పన్నుల భారాన్ని తగ్గించి, బాకీదారులకు ఊరట కల్పించింది. షేస్‌కు 1788లో క్షమాభిక్ష లభించింది. స్ప్రింగ్‌ఫీల్డ్ మంచులో రైతులు పోగొట్టుకున్నదానిలో చెప్పుకోదగిన భాగం బ్యాలెట్ పెట్టె తిరిగి ఇచ్చింది.

భయం రాసిన అధికరణలు

కేంద్రాన్ని బలపరచాలన్న ఆలోచన షేస్‌తో పుట్టలేదని స్పష్టం చేయాలి. 1786 సెప్టెంబరులో అనాపోలిస్‌లో కలిసిన ఐదు రాష్ట్రాల ప్రతినిధులు అప్పటికే మరో సభకు పిలుపునిచ్చారు. కానీ ఆ పిలుపును అందరూ గంభీరంగా తీసుకునేలా చేసింది మాసాచుసెట్స్ అలజడి. యుద్ధ శాఖ బాధ్యుడు హెన్రీ నాక్స్, ఆ రైతులు ఆస్తులన్నిటినీ ఉమ్మడి చేయాలంటున్నారని జార్జి వాషింగ్టన్‌కు రాశాడు. అది అతిశయోక్తి. రైతులు తమ పొలం నిలుపుకోవాలని అడిగారు తప్ప ఇతరుల పొలం పంచమని అడగలేదు. అయినా ఆ ఉత్తరం వాషింగ్టన్‌ను కలవరపరచింది. విశ్రాంత జీవితం గడుపుతున్న ఆయన ఫిలడెల్ఫియాకు రావడానికి ఉన్న కారణాలలో ఈ ఆందోళన ఒకటి. కాంగ్రెస్ ఆ సభను ఆమోదించినది 1787 ఫిబ్రవరి 21న, పీటర్షామ్ ముగిసిన పదిహేడు రోజులకు.

సభలో ఎల్బ్రిడ్జ్ గెరీ, దేశం అనుభవిస్తున్న కష్టాలకు మూలం ప్రజాస్వామ్యం మితిమీరడమేనన్నాడు. ఆయన మాసాచుసెట్స్ ప్రతినిధి కావడం యాదృచ్ఛికం కాదు. ఫలితం అధికరణలలో కనిపిస్తుంది. ఏ రాష్ట్రమూ కాగితపు ద్రవ్యం విడుదల చేయరాదు, వెండి బంగారాలు తప్ప మరొకటి అప్పుకు చెల్లుబాటు చేయరాదు, ఒప్పందాల బాధ్యతను సడలించే చట్టం చేయరాదు. అంటే రైతులు రాష్ట్ర శాసనసభల నుంచి కోరిన, రోడ్ ఐలండ్ వంటి చోట్ల సాధించుకున్న ఊరటలకు తలుపు మూసేశారు. తిరుగుబాట్లను అణచడానికి మిలీషియాను పిలిచే అధికారం కాంగ్రెస్‌కు ఇచ్చారు. రాష్ట్రం కోరితే అంతర్గత హింస నుంచి రక్షించే బాధ్యతను కేంద్రంపై ఉంచారు. సెనేటర్లను ప్రజలు కాక రాష్ట్ర శాసనసభలు ఎన్నుకుంటాయన్నారు. ఆ పద్ధతి మారడానికి 1913 దాకా పట్టింది. మాడిసన్ తన ఫెడరలిస్ట్ పదవ వ్యాసంలో విశాల గణతంత్రం ఎందుకు మేలో చెబుతూ, అది నివారించగల దుష్ట కోరికలలో కాగితపు ద్రవ్యాన్ని, అప్పుల రద్దును పేర్కొన్నాడు.

1913లో చరిత్రకారుడు చార్లెస్ బియర్డ్ ఈ రాజ్యాంగం ఆస్తిపరుల ప్రయోజన పత్రమని వాదించి పెద్ద దుమారం లేపాడు. ప్రతినిధుల ఋణపత్రాల లెక్కలపై ఆయన కట్టిన వాదనలో చాలా భాగాన్ని తరువాతివారు సవరించారు. కానీ ఆయన లేవనెత్తిన ప్రశ్న చెక్కుచెదరలేదు.

రైతులు ఇక్కడ కూడా మౌనంగా లేరు. 1788 ఫిబ్రవరిలో మాసాచుసెట్స్ ఆమోద సభలో రాజ్యాంగం 187-168 ఓట్ల తేడాతో గట్టెక్కింది. తిరుగుబాటు జిల్లాల ప్రతినిధులు ఎక్కువగా వ్యతిరేకించారు. ఆ కొద్దిపాటి మెజారిటీ రావడానికి కూడా సవరణలు చేయాలని సిఫారసు జతచేయవలసి వచ్చింది. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 1791లో అమలులోకి వచ్చిన హక్కుల పత్రం వెనుక ఈ ఒత్తిడి ఉంది. రాజ్యాంగ మూలపాఠంలో రైతుల పట్ల భయం ఉంటే, దాని తొలి సవరణలలో వారు పెట్టిన ఒత్తిడి ఉంది.

విస్కీ సుంకం, పాత రైతు

కొత్త ప్రభుత్వం 1790లో పాత ఋణపత్రాలను పూర్తి విలువకు అంగీకరించింది. రాష్ట్రాల అప్పులనూ నెత్తికెత్తుకుంది. లాభం మళ్లీ వాటిని చౌకగా కొన్నవారికే. ఆ భారం మోయడానికి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791లో విస్కీపై ఎక్సైజ్ సుంకం తెచ్చాడు. పశ్చిమ పెన్సిల్వేనియా రైతుకు విస్కీ వ్యసనం కాదు, రవాణా మార్గం. కొండలు దాటించి ధాన్యం అమ్మడం గిట్టదు కనుక దానిని కాచి, సీసాడు బరువులో బస్తా విలువను గుర్రంపై పంపేవాడు. కూలి కూడా విస్కీలోనే ఇచ్చేవాడు. సుంకం మాత్రం నాణేలలో కట్టాలి. ఏడాదికింతని కట్టే వెసులుబాటు పెద్ద బట్టీలకు కలిసొచ్చింది. ఆ ప్రాంతపు సుంకాధికారి జాన్ నెవిల్ స్వయంగా పెద్ద బట్టీ యజమాని.

1794 జూలైలో దూరాన ఉన్న ఫిలడెల్ఫియా కోర్టుకు రమ్మని సమన్లు రావడంతో నిప్పు అంటుకుంది. నెవిల్ భవంతిని తగులబెట్టారు. ఆ ఘర్షణలో జేమ్స్ మెక్‌ఫార్లేన్ అనే మాజీ సైనికుడు నేలకొరిగాడు. ఆగస్టు 1న పిట్స్‌బర్గ్ సమీపంలో సుమారు 7,000 మంది చేరారు. వాషింగ్టన్ దాదాపు 13,000 మందితో కదిలాడు. అధ్యక్షుడే స్వయంగా కొంతదూరం సేన వెంట వెళ్లాడు. ఎదిరించేవారెవరూ మిగలలేదు. దేశద్రోహం రుజువైన ఇద్దరినీ ఆయన క్షమించాడు. ఎనిమిదేళ్ల కిందట చందాలతో సేనను నడపవలసిన చోట ఇప్పుడు కేంద్రమే సేనను నడిపింది. రాజ్యాంగం దేనికోసం రాశారో అది జరిగింది.

అరెస్టయినవారిలో డెబ్భై ఏళ్ల వృద్ధుడు ఒకడున్నాడు. అతడే హెర్మన్ హస్బండ్. 1771లో ఇంగ్లండు రాజు గవర్నర్ వెంటాడిన మనిషిని 1794లో గణతంత్ర అధ్యక్షుడి సేన పట్టుకుంది. నెలల తరబడి చెరలో ఉండి విడుదలైన హస్బండ్ ఇంటికి చేరకముందే 1795లో దారిలో మరణించాడు. జెండా మారింది, రాజధాని మారింది. రైతు ఫిర్యాదు మాత్రం మారలేదని ఆ ఒక్క జీవితం చెబుతుంది.

ఆ ఏడాది చివర వాషింగ్టన్ ఈ అలజడికి ‘స్వయంకల్పిత సంఘాలే’ కారణమని నిందించాడు. ప్రతినిధుల సభలో మాడిసన్ దానికి బదులిస్తూ, గణతంత్రంలో ప్రభుత్వాన్ని విమర్శించే అధికారం ప్రజలది తప్ప, ప్రజలను విమర్శించి మందలించే అధికారం ప్రభుత్వానిది కాదన్న భావం వ్యక్తపరచాడు. షేస్ రైతులను చూసి భయపడిన మాడిసన్ ఏడేళ్లలో చేరిన చోటు అది. విస్కీ సుంకాన్ని ఎదిరించిన ప్రాంతాలు జెఫర్సన్ పక్షానికి బలమయ్యాయి. 1799లో ఇళ్ల పన్నుపై పెన్సిల్వేనియా జర్మన్ రైతులు చేసిన అలజడికి నాయకుడైన జాన్ ఫ్రైస్‌కు మరణశిక్ష పడగా, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సొంత మంత్రుల సలహాను తోసి క్షమించాడు. 1800 ఎన్నికలలో ఫెడరలిస్టులు ఓడారు. 1802లో విస్కీ సుంకం రద్దయింది.

ఈ రైతుల గాథను కీర్తనగా మార్చడం కూడా సరికాదు. బేకన్ అనుచరులు శత్రుత్వం లేని ఇండియన్ తెగలను సైతం ఊచకోత కోశారు. సరిహద్దు సాగుదారు కోరిన భూమి చాలాచోట్ల మరొకరి నుంచి లాక్కున్నది. వారి స్వేచ్ఛా నినాదంలో ఆ మరొకరికి చోటు లేదు.

మన అధికరణలో ఆ నీడ

అమెరికాలో ఓడి లొంగిపోయిన లార్డ్ కారన్‌వాలిస్, మాసాచుసెట్స్ కోర్టులు మూతపడుతున్న 1786 సెప్టెంబరులోనే గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో ఆయన తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి మన ఉత్తర సర్కారులకూ విస్తరించింది. అక్కడ రైతుకు ఓటు ఉంది కనుక ఓడి కూడా గవర్నర్‌ను దించగలిగాడు. ఇక్కడి రైతుకు ఆ సాధనం లేదు.

1949లో మన రాజ్యాంగ సభలో, ప్రతి రాష్ట్రాన్నీ బాహ్య దురాక్రమణ నుంచి, అంతర్గత కల్లోలం నుంచి రక్షించడం కేంద్రం విధి అనే నిబంధనను ప్రతిపాదిస్తూ అంబేద్కర్, ఇలాంటిది అమెరికా, ఆస్ట్రేలియా రాజ్యాంగాలలోనూ ఉందని గుర్తుచేశారు. నేటి 355వ అధికరణ అదే. షేస్ భయంతో అమెరికా రాసుకున్న వాక్యానికి ఇది దూరపు చుట్టం. కానీ ఒక తేడా ఉంది. అంతర్గత హింస విషయంలో అమెరికా పాఠం రాష్ట్రం కోరితేనే కేంద్రం రావాలంటుంది. మన పాఠంలో ఆ షరతు లేదు. ‘అంతర్గత కల్లోలం’ అన్న పదమే 352వ అధికరణలో ఉండగా 1975లో దానిని ఎలా వాడారో దేశం చూసింది. 1978లో 44వ సవరణ అక్కడ దానిని ‘సాయుధ తిరుగుబాటు’గా మార్చింది. 355లో మాత్రం పాత పదం అలాగే ఉంది.

2020లో చేసిన మూడు సాగు చట్టాలను, ఢిల్లీ సరిహద్దులలో ఏడాదికి పైగా రైతులు కూర్చున్న తరువాత, 2021 నవంబరులో పార్లమెంటు ఉపసంహరించింది. ఆ చట్టాల మంచిచెడ్డలపై భిన్నాభిప్రాయాలుండవచ్చు. రైతులతో సంప్రదింపులు చట్టం తరువాత కాక ముందే జరగాలన్న దానిపై ఉండనక్కరలేదు. రైతు రోడ్డెక్కిన ప్రతిసారీ పాలకుడి ముందు రెండు దారులుంటాయి: అతడి అర్జీ చదవడం, లేదా అతడిని అణచే అధికరణ వెతకడం. మాసాచుసెట్స్ రెండవ దారి పట్టి, ఆ తరువాత ఎన్నికలు నెట్టగా మొదటి దారికి వచ్చింది. హాట్‌ఫీల్డ్ పట్టికను ఆగస్టులోనే చదివి ఉంటే, జనవరిలో ఆ ఫిరంగులు పేల్చవలసిన అవసరం రాకపోయేది.